ఆ నోట్‌బుక్ ఎవరూ తెరవలేదు: వైద్యులకు ఒక బహిరంగ లేఖ

బీపీ, షుగర్, గుండె, మూత్ర సమస్యలు చూసే డాక్టర్లకు, ఆస్పత్రులు నడిపేవారికి, వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పేవారికి,

నమస్కారం.

మీ పని ఒత్తిడి నాకు తెలుసు. ఒక్కో రోగికి మీ దగ్గర ఎన్ని నిమిషాలుంటాయో బయట బల్ల మీద కూర్చుని లెక్కపెట్టినదాన్ని. అందుకే నేరుగా విషయానికి వస్తాను: నిద్రలో ఊపిరి ఆగే జబ్బుని, ఎవరూ అడగక, ఏళ్లతరబడి కనిపెట్టకపోవడం. ఇదే సంగతి మీద ఇంతకుముందు రెండు ఉత్తరాలు రాశాను. ఒకటి మావారిని చూసిన ఆస్పత్రికి, ఇంకోటి ఒక వైద్యుల సంఘానికి. మొదటిదానికి జవాబే లేదు. రెండోదానికి "మీ సూచనకు ధన్యవాదాలు" అని ఒక్క వాక్యం వచ్చింది. నేను ఫిర్యాదు పంపితే దాన్ని సూచన కింద జమకట్టారు. అందుకని ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

మావారికి అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా ఉంది. నిద్రలో గొంతు మూసుకుపోయి, ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు. అది బయటపడటానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోపు ఐదుగురు డాక్టర్లు చూశారు. ఎవరి ముక్కని వాళ్లు శ్రద్ధగానే చూశారు, ఆ మాట ఒప్పుకుంటాను. బీపీకి ఒక మాత్ర ఇచ్చారు, చాలక రెండోది కలిపారు, అదీ చాలక మూడోది కలిపారు. రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నారంటే ప్రోస్టేట్ పరీక్ష చేసి బాగానే ఉందన్నారు. పొద్దున లేవగానే తలనొప్పి అంటే కళ్లు చూపించుకోమన్నారు. ఊరికే చిరాకు పడుతున్నారు, దేని మీదా ఆసక్తి లేదు అంటే డిప్రెషన్ మాత్రలు రాశారు. రాత్రి మాటిమాటికీ మెలకువ వస్తోందంటే నిద్రమాత్ర ఇచ్చారు. ఈ ఆఖరిదాని గురించి కింద విడిగా రాస్తాను.

ఈ తొమ్మిదేళ్లూ జబ్బుని కళ్లారా చూసింది నేనొక్కదాన్నే. జబ్బు నడిచే వేళకి రోగి నిద్రలో ఉంటారు, ఆయనకి తెలియదు. మీరు చూసేది పగటిపూట, చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషిని, కాబట్టి మీకూ తెలియదు. గురక పెద్దగా సాగి సాగి ఠక్కున ఆగిపోయేది. ఛాతీ, పొట్ట ఎగసెగసి పడుతూనే ఉండేవి, గాలి మాత్రం లోపలికి పోయేది కాదు. నేను గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టేదాన్ని. 22 సెకన్లు. 31 సెకన్లు. ఒక రాత్రి 44 సెకన్లు. ఆ తర్వాత ఒళ్లంతా ఉలిక్కిపడి, నీళ్లలోంచి పైకి తేలినవాడిలా ఒక్క గుక్క గాలి పీల్చి, పక్కకి తిరిగి మళ్లీ గురక. ఆయన నిద్రపోయేవారు. ఈసారి ఊపిరి తిరిగి రాకపోతే ఏం చేయాలి అన్న టెన్షన్‌తో నేను మేలుకుని ఉండేదాన్ని. తేదీలు వేసి ఆ సెకన్లన్నీ ఒక నోట్‌బుక్‌లో రాశాను.

ఆ నోట్‌బుక్ పట్టుకుని వెళితే ఒకచోట "పేషెంట్ ఒక్కరే లోపలికి రావాలమ్మా" అన్నారు. ఇంకోచోట లోపలికి రానిచ్చారు. గురక అనగానే డాక్టర్ గారు నవ్వి, "మీరు చెవుల్లో దూది పెట్టుకోండమ్మా" అన్నారు. మావారూ నవ్వారు. మర్యాదకి నేనూ నవ్వాను. నోట్‌బుక్ బల్ల మీదే ఉంది, ఎవరూ తెరవలేదు.

చివరికి అడిగింది మత్తు డాక్టరు. హెర్నియా ఆపరేషన్‌కి ముందు రోజు ఆవిడ వచ్చి, మంచం పక్కన నిలబడి వరసగా ప్రశ్నలు వేశారు. గురక తలుపు అవతలికి వినిపిస్తుందా? పగలు అలసటగా ఉంటుందా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా? గుమ్మం దగ్గర నుంచే నేను "చూశాను" అన్నాను. ఆపరేషన్ వాయిదా వేసి నిద్ర పరీక్ష చేయించారు. గంటకి 54 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గిపోవడమో జరుగుతోందని తేలింది. రక్తంలో ఆక్సిజన్ 71 శాతానికి పడిపోతోంది. గంటకి 54 అంటే ఏడు గంటల నిద్రకి 378 సార్లు.

ఆవిడ వేసిన ప్రశ్నల పట్టీ పేరు స్టాప్-బ్యాంగ్. టొరంటోలో ఫ్రాన్సిస్ చుంగ్ అనే మత్తు వైద్యురాలి బృందం 2008లో ప్రచురించింది. గురక, అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, 35 దాటిన బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క), 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత, మగవారు కావడం: మొత్తం ఎనిమిది. అవును, కాదు అంటే చాలు. మూడు అవునులొస్తే అనుమానించాలి, ఐదు అంతకన్నా ఎక్కువ వస్తే గట్టిగా అనుమానించాలి. రెండు నిమిషాలు కూడా పట్టదు. మావారికి ఏడు వచ్చాయి. వాటిలో మెడ కొలత, వయసు, బరువు, బీపీ తొమ్మిదేళ్లుగా మీ కళ్లముందే ఉన్నాయి. మిగతావి నా నోట్‌బుక్‌లో ఉన్నాయి.

ఈ లేఖ మామూలు జనం కూడా చదువుతారు కాబట్టి జబ్బు సంగతి నాలుగు ముక్కల్లో చెబుతాను. మీకు తెలిసిందే, ఓపిక పట్టండి. గొంతు వెనక భాగం ఎముక ఆసరా లేని మెత్తటి గొట్టం. మెలకువలో కండరాలు దాన్ని తెరిచి పట్టుకుంటాయి. నిద్రలో అవి వదులవుతాయి. దారి అసలే ఇరుకుగా ఉన్నవాళ్లకి, అంటే దవడ వెనక్కి ఉన్నవాళ్లకి, టాన్సిల్స్ పెద్దగా ఉన్నవాళ్లకి, మెడ చుట్టూ కొవ్వు చేరినవాళ్లకి, నాలుక వెనక్కి జారి, అంగిలి వాలి దారి మూసుకుపోతుంది. పీల్చేకొద్దీ ఇంకా అతుక్కుంటుంది, మెత్తటి స్ట్రాని గట్టిగా పీలిస్తే నొక్కుకుపోయినట్టు. రక్తంలో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరిగేసరికి మెదడు కంగారుపడి కొన్ని సెకన్లు మేలుకుని కండరాలని బిగిస్తుంది. దారి తెరుచుకుంటుంది. ఆ మెలకువ పొద్దున్నకి గుర్తుండదు. 10 సెకన్లకి తగ్గకుండా గాలి ఆగితే ఒకటిగా లెక్క. ఊపిరి తగ్గిపోయి దాంతోపాటు ఆక్సిజన్ పడిపోయినా లెక్కే. గంటకి 5 నుంచి 15 లోపు అయితే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యరకం, 30 అంతకు మించితే తీవ్రం. మనం ఎక్కువగా కలలు కనే నిద్ర దశలో కండరాలు దాదాపు పూర్తిగా వదులవుతాయి, ఆ దశ తెల్లవారుజాముకి ఎక్కువ. నా నోట్‌బుక్‌లో పెద్ద అంకెలన్నీ నాలుగు గంటల తర్వాతివే ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

ఇది అరుదైన జబ్బు కూడా కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 30 నుంచి 60 ఏళ్ల ఉద్యోగుల మీద చేసిన పరిశీలన 1993లో వచ్చింది. గంటకి 5 అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి ఆటంకాలు ఉన్నవాళ్లు మగవారిలో 24 శాతం, ఆడవారిలో 9 శాతం తేలారు. 2019లో లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల వాళ్లలో 93 కోట్ల మందికి పైగా ఇది ఉంది, అందులో 42 కోట్ల మందికి పైగా మధ్యరకం లేదా తీవ్రం.

ఇక, ఎవరూ అడగకపోతే మాలాంటి వాళ్లకి ఏం జరుగుతుందో రాస్తాను.

1. మందులు పెరుగుతాయి, కారణం మాత్రం అలాగే ఉంటుంది. గొంతు మూసుకున్న ప్రతిసారీ ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నుతుంది. మామూలుగా రాత్రి నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం దిగాలి. ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి దిగదు. మూడు రకాల మందులు వేసినా లొంగని బీపీకి వెతకాల్సిన కారణాల్లో స్లీప్ ఆప్నియా ఒకటని మీ పుస్తకాల్లోనే ఉంది. మావారికి మూడో మాత్ర రాసిన రోజున కూడా గురక మాట రాలేదు.

2. రాత్రి మూత్రం. ఇది తెలిసిన రోజు నేను నిజంగా తల పట్టుకున్నాను. మూసుకున్న గొంతుకి ఎదురు గాలి పీల్చబోయేటప్పుడు ఛాతీలో ఒత్తిడి పడిపోయి, గుండె పై గదులు సాగుతాయట. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని గుండె ఏఎన్‌పీ అనే హార్మోన్ వదులుతుంది. అది మూత్రపిండాలకి నీళ్లు బయటికి పంపమని చెబుతుంది. మావారి ప్రోస్టేట్‌కి పాపం ఏ పాపమూ తెలియదు. చికిత్స సరిగా కుదిరిన వారానికి రాత్రి లేవడం ఒక్కసారికి తగ్గింది.

3. నిద్రమాత్ర. మద్యం, కొన్నిరకాల నిద్రమాత్రలు, నొప్పికిచ్చే ఓపియాయిడ్ మందులు గొంతు కండరాలని ఇంకా వదులు చేయగలవు, మెదడు మేలుకోవడాన్ని ఆలస్యం చేయగలవు. ఈ జబ్బులో ఆ మెలకువే మనిషిని కాపాడేది. మెలకువ వస్తోందని చెప్పినందుకు ఆ మెలకువని ఆపే మాత్ర ఇచ్చారు. 44 సెకన్ల రాత్రి, ఆ మాత్ర మొదలుపెట్టిన మూడో రోజు. దానివల్లే అని నేను నిరూపించలేను. కానీ ఆ తేదీ రాసి ఉంది.

4. రోడ్డు మీద, పట్టాల మీద. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. అది స్టీరింగునీ ఎరగదు. మావారు రెండుసార్లు సిగ్నల్ దగ్గర ఆగిన కారులోనే నిద్రపోయారు. వెనక హారన్ మోగితే గానీ లేవలేదు. మా అదృష్టం, బండి ఆగి ఉంది. 2013 డిసెంబర్ 1న న్యూయార్క్ దగ్గర ఒక ప్రయాణికుల రైలు గంటకి 48 కిలోమీటర్ల వేగంతో తిరగాల్సిన వంపులోకి 132 కిలోమీటర్ల వేగంతో వెళ్లి పట్టాలు తప్పింది. నలుగురు చనిపోయారు. రైలు నడిపిన వ్యక్తికి తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉందని ప్రమాదం తర్వాత చేసిన పరీక్షలో తేలింది. అంతకుముందు ఎవరూ కనిపెట్టలేదు. 2016 సెప్టెంబర్ 29న న్యూజెర్సీలోని హోబోకెన్ స్టేషన్‌లో ఇంకో రైలు ఆగకుండా ప్లాట్‌ఫారం మీదికి దూసుకెళ్లింది. ఒకరు చనిపోయారు, వందమందికి పైగా గాయపడ్డారు. అక్కడా అదే కథ, అదే జబ్బు, అదే ఆలస్యం. దీని తర్వాత కూడా, రైలు, లారీ డ్రైవర్లకి ఈ పరీక్ష తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనని అమెరికా ప్రభుత్వం 2017 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. డాక్టరు గది దాటిపోయిన ప్రశ్న ఎక్కడెక్కడికి వెళ్లి తేలుతుందో చూడండి.

5. ఆడవాళ్లు. ఈ జబ్బు అనగానే బొజ్జ ఉన్న మగమనిషి బొమ్మే కళ్లముందు కదులుతుంది. ఆడవాళ్లు వచ్చి గురక అని చెప్పరు. నిద్ర పట్టడం లేదు, తలనొప్పి, నీరసం, దిగులు అంటారు. దాంతో వాళ్లకి రక్తహీనత అనో, నెలసరి ఆగే వయసు అనో, మనోవ్యాధి అనో పేరు పెడతారు. నెలసరి ఆగాక ఆడవాళ్లలో ఈ జబ్బు పెరుగుతుందన్నది ఆ వరసలో ఎవరికీ గుర్తుండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నేను మావారి పక్కన మేలుకుని సెకన్లు లెక్కపెట్టాను. భార్య ఊపిరి ఆగితే అలా మేలుకుని లెక్కపెట్టే భర్తలు ఎంతమంది ఉన్నారో మీరే చెప్పండి. ఒంటరిగా ఉండేవాళ్లకి ఆ మాత్రం సాక్షి కూడా లేదు.

6. పిల్లలు. వాళ్లలో ఎక్కువగా టాన్సిల్స్, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కండ) పెరగడం వల్ల వస్తుంది. నోరు తెరిచి నిద్రపోతారు, మెడ వెనక్కి వంచి పడుకుంటారు, పక్క తడుపుతారు. పెద్దవాళ్లకి నిద్ర చాలకపోతే తూగుతారు, పిల్లలు దానికి ఎదురు, కుదురు లేకుండా తిరుగుతారు. అల్లరి పిల్లాడు, మొద్దు పిల్ల అన్న ముద్ర పడిపోతుంది. పిల్లల్లో గంటకి ఒక్కసారి ఆగినా మామూలు కాదని లెక్క. "పిల్లలు గురక పెట్టడం ముద్దుగా ఉంటుంది" అనే మాట డాక్టర్ల నోట నేను విన్నాను. దయచేసి ఆ మాట మానండి.

7. ఉద్యోగంలో బద్ధకస్తుడు, ఇంట్లో విసుగుమొహం. మావారు తన గురించి తానే అలా నమ్మేశారు. దీని గురించి ఇంతకంటే రాయలేను.

మీ వైపు నుంచి వచ్చే జవాబులు నాకు తెలుసు, వాటినీ దాచను. లక్షణాలు లేని వాళ్లందరికీ ఈ పరీక్ష చేయడం వల్ల లాభమా నష్టమా చెప్పడానికి తగినంత ఆధారం లేదని అమెరికా నివారణ సేవల టాస్క్‌ఫోర్స్ అనే నిపుణుల బృందం 2022లో చెప్పింది. నిజమే. నేను అడుగుతున్నది లక్షణాలతో మీ గుమ్మం ముందు నిలబడ్డ వాళ్ల గురించి. ఇంకోటి, 2016లో వచ్చిన సేవ్ అనే పెద్ద అధ్యయనంలో, అంతకుముందే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బున్న 2,717 మందిని చూస్తే, నిద్రలో గొంతు మూసుకోకుండా గాలి పంపే యంత్రం ఇచ్చినా గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అదీ నిజమే. కానీ వాళ్లు సగటున రాత్రికి 3.3 గంటలే యంత్రం పెట్టుకున్నారు, పగలు బాగా తూగేవాళ్లని మొదటే పక్కన పెట్టారు. ఆ అధ్యయనంలోనే పగటి నిద్రమత్తు తగ్గింది, మనసు తేలికపడింది, పనికి ఎగ్గొట్టిన రోజులు తగ్గాయి. యంత్రం పెడితే గుండెపోటు రాదని నాకు హామీ ఇవ్వక్కర్లేదు. సిగ్నల్ దగ్గర నిద్రపోకుండా ఉంటే నాకు చాలు.

"ముందు బరువు తగ్గమనండి" అన్నది ఇంకో జవాబు. బరువు తగ్గితే మేలే. విస్కాన్సిన్ వాళ్లనే నాలుగేళ్లు గమనించి 2000లో ప్రచురించిన లెక్క ప్రకారం 10 శాతం బరువు తగ్గితే ఈ ఆటంకాలు సుమారు 26 శాతం తగ్గుతాయి. మావారి 54కి ఆ లెక్క వేయండి, 40 వస్తుంది. ఇంకా తీవ్రమే. పైగా రాత్రికి 378 సార్లు ఉలిక్కిపడి లేచిన మనిషిని పొద్దున్నే నడవమంటే కాళ్లెక్కడ వస్తాయి? 2024 డిసెంబర్‌లో టిర్జెపటైడ్ అనే ఇంజెక్షన్‌కి, ఊబకాయంతోపాటు మధ్యరకం లేదా తీవ్రమైన ఆప్నియా ఉన్న పెద్దవాళ్ల కోసం అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మంచిదే. కానీ సన్నగా ఉన్నవాళ్లకీ ఈ జబ్బు వస్తుంది, దవడ చిన్నదైతే చాలు. వాళ్లకి బరువు సలహా ఏం పనికొస్తుంది?

చికిత్స కొత్తదేమీ కాదు. 1980 దాకా తీవ్రమైన రోగులకి దిక్కు గొంతుకి రంధ్రం చేయడమే. సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు, ముక్కులోంచి మెల్లగా గాలి ఒత్తిడి పంపి గొంతు మూసుకోకుండా నిలబెట్టవచ్చని చూపి 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించాడు. అదే సీపాప్. మొదట్లో ఆ గాలి కోసం వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడారట. నలభై ఏళ్లు దాటింది. ఇప్పటి యంత్రాలు పెద్దగా చప్పుడు చేయవు, ఏ రాత్రి ఎన్ని గంటలు పెట్టుకున్నారో, మాస్క్‌లోంచి గాలి ఎంత కారిందో, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో రాసిపెడతాయి.

మరి మావారి యంత్రం ఐదు నెలలు అలమరాలో ఎందుకుంది? ఇది నా ఫిర్యాదులో రెండో సగం. పరీక్ష అయ్యాక ఒక పెట్టె చేతికిచ్చి, "రోజూ పెట్టుకోండి" అని పంపేశారు. మాస్క్ సైజు ఎవరూ చూడలేదు. గాలి కారి కళ్లలోకి కొట్టేది. నోరు ఎండిపోయేది. గాలిని తేమ చేసే నీళ్ల తొట్టి ఆ పెట్టెలోనే ఉందని మాకు ఎవరూ చెప్పలేదు. తొమ్మిది రాత్రులు పెనుగులాడి మావారు దాన్ని తీసి పైన పెట్టేశారు. ఆస్పత్రి రికార్డులో మాత్రం "చికిత్స ఇవ్వబడింది" అని ఉంటుంది. ఐదు నెలల తర్వాత ఒక టెక్నీషియన్, చిన్న కుర్రాడు, మూడు రకాల మాస్కులు మార్చి చూసి, మావారిని పడుకోబెట్టి, పక్కకి తిప్పి, పట్టీలు సర్ది, ఒత్తిడి నిదానంగా పెరిగేలా పెట్టి ఇచ్చాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రాత్రి గురక లేదు. ఆగడమూ లేదు. నేను అలవాటు కొద్దీ గడియారం చూస్తూనే ఉన్నాను, రాయడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఆయన లెక్క గంటకి 3.

అందుకని మిమ్మల్ని అడిగేవి ఇవి.

1. మూడు మందులకీ లొంగని బీపీ, గుండె లయ తప్పడం, టైప్ 2 షుగర్, పక్షవాతం, రాత్రి మూత్రం, లేవగానే తలనొప్పి, అర్థం కాని నీరసం: వీటితో ఎవరొచ్చినా కొత్త మందు రాసేముందు నిద్ర గురించి అడగండి. ఆ ఎనిమిది ప్రశ్నల కాగితం వెయిటింగ్ హాల్లోనే ఇవ్వండి.

2. పక్కన పడుకునే మనిషిని లోపలికి పిలవండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. పగటి నిద్రమత్తు కొలవడానికి 1991లో ముర్రే జాన్స్ తయారుచేసిన ఎప్‌వర్త్ పట్టిక ఉంది కదా, 24కి 10 దాటితే ఎక్కువ అని లెక్క. మావారు తనకి తాను 6 వేసుకున్నారు. అదే కాగితం నాకిస్తే నేను 15 వేశాను. పక్కన ఎవరూ లేనివాళ్లు ఫోన్‌లో తమ గురకని రికార్డు చేసి తెస్తే, నవ్వకుండా వినండి.

3. నిద్రలో మెలకువ వస్తోందన్న మనిషికి, గురక, ఊపిరి సంగతి అడగకుండా నిద్రమాత్ర రాయకండి.

4. ఇంట్లో చేసే పరీక్ష చాలామందికి సరిపోతుంది, దానికి పంపండి. కానీ అందులో ఏమీ లేదని వచ్చి లక్షణాలు మాత్రం ఉంటే అక్కడితో ఆపకండి. ఆ పరికరాల్లో చాలావాటికి మనిషి నిజంగా ఎప్పుడు నిద్రపోయాడో తెలియదు, మేలుకుని ఉన్న గంటలతో కూడా భాగించేస్తాయి కాబట్టి లెక్క తక్కువ చూపించవచ్చు. ల్యాబ్‌లో రాత్రంతా మెదడు తరంగాలతో సహా చూసే పరీక్ష చేయించండి.

5. యంత్రం ఇచ్చిన చోటే రోగిని పడుకోబెట్టి మాస్క్ సరిచూడాలి. మొదటి వారంలో ఒక ఫోన్ చేయాలి. నెలకి యంత్రంలోని లెక్కలు తెరిచి చూడాలి. ఎవరికి ఏ యంత్రం ఇచ్చారో చిట్టా ఉండాలి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ, లోపలి ఫోమ్ చెడిపోయి ముక్కలు గాలిలోకి రావచ్చని చెప్పి లక్షల యంత్రాలని వెనక్కి పిలిచింది. అలాంటి కబురు రోగికి వార్తల్లో తెలియకూడదు, మీ దగ్గరి నుంచి తెలియాలి.

6. యంత్రం పడనివాళ్లకి మిగతా దారులు చెప్పండి. కింది దవడని ముందుకి పట్టి ఉంచే పరికరం దంతవైద్యులు చేస్తారు, స్వల్ప, మధ్యరకం జబ్బుకి బాగా పనిచేస్తుంది. వెల్లకిలా పడుకుంటేనే వచ్చేవాళ్లకి పక్కకి పడుకునే ఏర్పాట్లున్నాయి. పిల్లలకి టాన్సిల్స్, అడినాయిడ్స్ ఆపరేషన్ ఉంది. నాలుక నరానికి కరెంటు ఇచ్చే పరికరానికి అమెరికాలో 2014లోనే అనుమతి వచ్చింది. "యంత్రం లేదంటే ఇంకేం లేదు" అని చెప్పి పంపేయకండి.

7. వాహనాలు, రైళ్లు నడిపేవాళ్ల ఆరోగ్యం చూసే డాక్టర్లకు ప్రత్యేకంగా: జబ్బు చెబితే ఉద్యోగం పోతుందని భయపడ్డవాడు ఏ ప్రశ్నకీ నిజం చెప్పడు. చికిత్స తీసుకుని, యంత్రం లెక్కలు చూపించినవాడిని తిరిగి బండెక్కించే పద్ధతి ముందు రాసిపెట్టండి. తర్వాత అడగండి.

8. వైద్య విద్యార్థికి కేసు రాయడం నేర్పేటప్పుడు ఆకలి, విరేచనం, మూత్రం అడగమంటారు. నిద్ర అనే మాట కూడా అడిగిస్తారు, "సరిగా పడుతుంది" అని రాసి వదిలేస్తారు. ఆ ఒక్క గడిలో ఇంకో ప్రశ్న చేర్చండి: "నిద్రలో మీరెలా ఉంటారో ఎవరికి తెలుసు?"

నా మొదటి రెండు ఉత్తరాలకి కూడా జవాబు కావాలి. ఈ ఎనిమిదింటిలో ఏది చేస్తారో, ఏది చేయరో, చేయకపోతే ఎందుకో రాయండి. ధన్యవాదాలు అక్కర్లేదు.

నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. మొత్తం 61 పేజీలు. మీ విద్యార్థులకి చూపించాలనుకుంటే చెప్పండి, తీసుకొస్తాను. ఈసారి మాత్రం నన్ను లోపలికి రానివ్వాలి.

ఇట్లు,
ఆయన పక్కన మేలుకుని ఉన్న మనిషి